చీనా వాచకం మీద నేను రాసిన నివేదిక

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, తిరుపతిలో నేను పనిచేసే కళాశాలలో చీనా భాష నేర్పే తరగతి ఒకటి పెట్టారు. బి.ఎ. చదివే పిల్లలు తమ చదువుకు తోడు సాయంత్రం ఒక గంట ఎక్కువ కూర్చుని నేర్చుకోవాలి. ఏడాది చివర ఒక సర్టిఫికెట్టు ఇస్తారు. ఆ తరగతికి పంతుల్ని నేనే. అప్పటికి నాకు ఇరవై అయిదేళ్లు. యుద్ధకాలంలో బీహారులో చీనా సైనికులకు శిక్షణ ఇచ్చే శిబిరంలో గుమాస్తాగా ఉన్నాను. అక్కడ ఒక చీనా అధికారి దగ్గర ఎనిమిది నెలలు నేర్చుకున్నదే నా పాండిత్యమంతా. జిల్లా మొత్తంలో చీనా అక్షరం రాయగలవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. అనుకుని ఊరుకోలేదు. కాఫీ హోటల్లో పాలరాతి బల్ల మీద తడివేలితో 'గుర్రం' అని రాసి పక్కవాళ్లకు చూపించేవాణ్ణి.

మా ప్రిన్సిపాల్‌గారు నిబంధనల మనిషి. "పాఠ్యపుస్తకం తేలకుండా తరగతి నిలబడదయ్యా. ఏమేం పుస్తకాలు ఉండాయో చూడు. పిల్లల మీద పెట్టి పరీక్షించు. నివేదిక రాసుకుని రా, సంఘం కూర్చుని తేలుస్తుంది" అన్నారు. సంఘం అంటే ముగ్గురం: ఆయన, కళాశాల సంస్కృత పండితులు, నేను.

నా దగ్గర రెండు అచ్చు పుస్తకాలు ఉండేవి. ఒకటి ఇంగ్లీషు పాదిరి ఎవరో తన తోటి దొరల కోసం రాసింది. అందులో చీనా అక్షరం ఒక్కటీ లేదు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లోనే. వాక్యాలన్నీ పనివాళ్లకు చెప్పేవి. 'వంటవాడా, నీళ్లు కాచావా?' 'నీ చేతులు మురికిగా ఉన్నాయి, అవతలికి పో.' 'గుర్రాన్ని కట్టేసి రా.' రెండోది బౌద్ధగాథల సంపుటం. ఏ కాలం నాటిదో భాష. దాన్ని కంఠతా పట్టినవాడు చీనా దేశంలో దాహం వేసి చచ్చిపోతాడు తప్ప మంచినీళ్లు అడగలేడు.

ఈ రెంటిలో పాదిరి పుస్తకాన్నే ఖాయం చేద్దామని నేను మనసులో అనుకుని ఉన్నప్పుడు ఆమె వచ్చింది.

నలభై దాటిన మనిషి. నల్లగా, సన్నగా, మోకాళ్ల దాకా దుమ్ము. పొద్దున పలమనేరులో బస్సెక్కి చిత్తూరులో మారి వచ్చిందట. వరండాలో నిలబడి, సంచిలోంచి గుడ్డలో చుట్టిన లావుపాటి నోటుపుస్తకం తీసింది.

"అబ్బయ్యా, ఈడ చీనా మాటలు నేర్పిస్తా ఉండారంటనే. నేనొక పుస్తకం రాసి పెట్టుకోని ఉండాను. సూస్తావా?"

ఆ 'అబ్బయ్యా' అన్న పిలుపు నాకు నచ్చలేదు. "సార్ అనాలమ్మా. ఇది కాలేజీ" అన్నాను.

"అట్లనే సార్" అంది వెంటనే. ఆ తర్వాత ఎన్నడూ నన్ను అబ్బయ్యా అనలేదు.

ఆమెది పలమనేరు పక్క పల్లె, క్రైస్తవ కుటుంబం. పెళ్లయిన ఏడే మొగుడి వెంట రంగూన్ పోయింది. అతను రేవులో కూలీల మేస్త్రి. ఆమె చీనా వర్తకుల పిల్లలు చదివే బడిలో ఆయా. ఆ బడికి పీకింగు నుంచి వచ్చిన పంతులమ్మ ఒకామె ఉండేది. పిల్లలకు పాఠం చెప్తున్నప్పుడు ఈమె తలుపు దగ్గర కూర్చుని వినేదట. పంతులమ్మ అది గమనించి పలక కొనిచ్చిందట. అట్లా పద్నాలుగేళ్లు. రంగూన్ మీద బాంబులు పడినప్పుడు మొగుడూ పెళ్లామూ అందరితో పాటు అడవుల్లోంచి నడిచి బయలుదేరారు. మొగుడు దారిలోనే వాంతులు పట్టుకుని పోయాడు. ఆమె ఒక్కతే పలమనేరు చేరి, అన్న ఇంట్లో ఆవుల్ని చూసుకుంటూ ఉంది.

"ఎవరి కోసం రాశావు ఇదంతా?" అని అడిగాను.

"ఎవురి కోసరమూ లేదు సార్. మరిసిపోతానేమోనని బయమేసింది. ఈడ మాట్లాడేదానికి మనిసి లేడు గదా. నాలుగేండ్లు ఆవులతోనే మాట్లాడినాను."

పుస్తకం పుచ్చుకుని, తర్వాత కబురు చేస్తానని పంపేశాను. వారం రోజులు ముట్టుకోలేదు. ఒక ఆదివారం నవ్వుకోవడానికని తెరిచాను.

సాయంత్రం దాకా దించలేదు.

చీనాలో ఒకే మాట నాలుగు రకాల ఎత్తుపల్లాలతో పలికితే నాలుగు అర్థాలు వస్తాయి. దీన్ని చెప్పడానికి పాదిరికి పదకొండు పేజీలు పట్టాయి. ఆమె నాలుగు వరుసల్లో చెప్పింది. మొదటిది దూరాన ఉండే మేకను పిలిచినట్టు సాగాల. రెండోది 'ఏందీ?' అని అడిగినట్టు లేయాల. మూడోది అలిగిన బిడ్డ 'ఊఁ' అన్నట్టు దిగి మళ్లా లేయాల. నాలుగోది 'పో' అని కసిరినట్టు దబ్బున పడాల. కింద ఉదాహరణ: 'మై' అనేది దిగి లేస్తే కొనేది, దబ్బున పడితే అమ్మేది.

చీనా వాళ్లకు ప వేరు, ఊపిరి కలిసిన ఫ వేరు. పాదిరి ఆ తేడాను ఇంగ్లీషు అక్షరం పక్కన పైన పెట్టిన చుక్కలాంటి గుర్తుతో చూపించాడు. అచ్చులో సగం చోట్ల ఆ గుర్తు ఎగిరిపోయింది. ఆమెకు ఆ బాధే లేదు. తెలుగులో ప, ఫ, త, థ, క, ఖ ఉండనే ఉన్నాయి. పక్కన రాసింది: అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకో, ఫ అంటే గాలి తగలాల, ప అంటే తగలకూడదు.

మేము, మనము అనే తేడా ఇంగ్లీషులో లేదు. పాదిరి దాని దగ్గర తడబడి అరపేజీ ఖర్చుపెట్టాడు. ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది: 'వోమెన్' అంటే మేము, 'ౘాన్‌మెన్' అంటే మనము, మన మాదిరే. మనుషుల్ని మూడు అనకుండా ముగ్గురు అంటాం కదా, వాళ్లు ఒక్కో వస్తువుకూ అట్లా ఒక్కో రకంగా లెక్కపెడతారని ఇంకో చోట. ప్రతి మాట పక్కనా చీనా అక్షరం, గీత తర్వాత గీత ఏ వరుసలో గీయాలో అంకెలు వేసి. అక్షరాలు నా అక్షరాల కంటే గుండ్రంగా, నిలకడగా ఉన్నాయి.

నేను పెన్సిలు తీసి పక్కన గుర్తులు పెట్టుకుంటూ పోయాను. 'బాగుంది.' 'చాలా బాగుంది.' ఒక చోట 'ఇది నాకు తెలియదు' అని కూడా రాసుకున్నాను. ఆ రోజు దాకా నేను నిజాయితీపరుణ్ణే.

ఆమెకు కబురు చేశాను. తరగతిలో పన్నెండుమంది. ఆరుగురికి నేను పాదిరి పుస్తకం చెప్పాను, ఆరుగురికి పక్కగదిలో ఆమె తన నోటుపుస్తకం చెప్పింది. రెండు వారాలు. ఆమె తెలిసినవాళ్లింట్లో ఉండి రోజూ నడిచి వచ్చేది. గోడ అవతలి నుంచి పిల్లల గొంతులు ఒక్కసారిగా లేచి పడుతుండేవి, మధ్యలో నవ్వులు. నా గదిలో ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఆఖరి రోజు ప్రిన్సిపాల్‌గారు చూడడానికి వచ్చారు. పన్నెండుమందినీ ఒకే గదిలో కూర్చోబెట్టాం. ఆమె గోడవార నిలబడింది. నేను చీనాలో ఒక వాక్యం చెప్పి దానికి తెలుగు చెప్పమన్నాను. నా ఆరుగురూ నేల చూపులు చూశారు. అవతలి ఆరుగురిలో ఐరాల నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు లేచాడు. రైతుబిడ్డ, ఏదీ దాచుకోవడం తెలియనివాడు.

"సార్, మీరేమో నేను గుర్రాన్ని అమ్మబోతా ఉండానని అన్నారు. కొనబోతా ఉండానని గదా చెప్పాలనుకునింది? మీది దబ్బున పడింది సార్. దిగి లేయాల."

గది మొత్తం నవ్వింది. ప్రిన్సిపాల్‌గారు నవ్వారు. ఆమె కూడా, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా, నాకు మాత్రమే వినపడేటట్టు, "పరవాలేదు సార్, మొదట్లో నాకూ అట్లే పడేది" అంది.

వాళ్ల నవ్వు నేను మరిచిపోగలిగేవాణ్ణేమో. ఆమె ఓదార్పును మటుకు క్షమించలేకపోయాను.

ఇంటికి వెళ్లి కూర్చుని, పుస్తకాలను ఏ ఏ అంశాల మీద తూచాలో పట్టిక రాశాను. ఆ పట్టిక గురించి ఇన్నేళ్ల తర్వాత చెప్పాలంటే సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి. గ్రంథకర్త యోగ్యతలు మొదటి అంశం. వ్యాకరణ విభజన రెండోది. ఇంగ్లీషులో వివరణ మూడోది. అచ్చు, కుట్టు నాలుగోది. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది పట్టికలో ఎక్కడా పెట్టలేదు. ఆమె ఓడిపోయేటట్టు గళ్లు గీసి, ఆ గళ్లలో ఆమెను పెట్టాను. తర్వాత నోటుపుస్తకం తీసుకుని, నా పెన్సిలు గుర్తులన్నీ రబ్బరుతో తుడిచేశాను.

సంఘం ప్రిన్సిపాల్‌గారి గదిలో కూర్చుంది. మా ముగ్గురికీ మూడు కుర్చీలు. గోడ దగ్గర నాలుగోది ఖాళీగా ఉంది. ఆమెను కూర్చోమని ఎవరమూ అనలేదు.

"రంగూన్‌లో ఏం పని చేసేదానివి?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. ఆయనకు అది ముందే తెలుసు. నివేదికలో మొదటి వరుసలోనే రాసిపెట్టాను.

"ఆయాను సార్. పిల్లకాయల పక్కలు దులిపేదాన్ని. నీళ్లు పోసేదాన్ని. సిన్నబిడ్డలు దొడ్డికి పోతే కడిగేదాన్ని."

పండితులు ముక్కుపొడుం పీలుస్తూ, "కడుగుతూ కడుగుతూ భాష నేర్చుకున్నావన్నమాట" అన్నారు. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ తర్వాత నేను బౌద్ధగాథల పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టాను. "చదువమ్మా."

ఆమె వేలు పెట్టి ఒక్కో అక్షరమూ పలికింది. ఎక్కడా ఆగలేదు. పేజీ చివర తలెత్తి, "పలకగలను సార్. అర్తం తెలీదు. ఇది పాతకాలపు రాత. ఇప్పుడు ఎవురూ ఇట్ల మాట్లాడరు" అంది.

"అర్థం తెలీదు" అని నేను గట్టిగా పైకి అని కాగితం మీద రాసుకున్నాను. ఆ పేజీ అర్థం నాకూ తెలియదు. నేనైతే పలకనూ లేను.

పండితులు ముందుకు వంగారు. "అది పోనీ. ఈ భాషలో విభక్తులెన్ని? లింగవచనాలు ఎట్లా మారతాయి?"

"ఆ బాసలో అయ్యేమీ లేవు సామీ. మాట మాట మాదిరే ఉంటాది. ముందర పెడితే ఒక అర్తం, ఎనక పెడితే ఒక అర్తం."

"విభక్తులు లేని భాషా!" పండితులు ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగి చేతులు విప్పారు. "తెలియదంటే తెలియదని చెప్పాలి గానీ, లేవంటుందేమిటండీ ఈవిడ?"

ప్రిన్సిపాల్‌గారు నన్ను చూశారు. "ఏమయ్యా? లేవా?"

ఆమె కూడా నన్ను చూసింది. ఆ చూపులో భయం ఏమీ లేదు. నేను అవును అంటానని ఆమెకు గట్టి నమ్మకం. చీనా భాషలో విభక్తులు లేవన్నది మొదటి రోజు మొదటి పాఠం. ఆ గదిలో అది తెలిసినవాళ్లం ఇద్దరమే.

"ఉన్నాయి సార్, ఒక విధంగా" అన్నాను.

ఆమె ప్రిన్సిపాల్‌గారి వైపు తిరిగింది. "సార్, నా సంగతి పోనీండి. మన కాలేజీ పిల్లకాయలు రెండు వారాల్లోనే..." అని మొదలుపెట్టింది.

"మన కాదమ్మా" అన్నాను నేను. "మా."

మేము, మనము అనే పాఠం ఆమె పుస్తకంలో ఏ పేజీలో ఉందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఆమె తల వంచుకుని వెళ్లి తలుపు దగ్గర నిలబడింది. పాదిరి పుస్తకాన్ని ఏకగ్రీవంగా ఖాయం చేశాం.

వరండాలో నోటుపుస్తకం తిరిగి ఇచ్చాను. ఆమె గుడ్డలో చుట్టబోతూ ఆగి, ఒక పేజీని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తర్వాత ఇంకొకటి.

"బాగుండాదని రాసి తుడిసినావా సార్?"

"నేను కాదు. ఎవరో విద్యార్థి అయ్యుంటాడు."

"రబ్బరు సరిగా పోలేదు. ఈడ సూడు, సానా బాగుండాదని. ఈడ, ఇది నాకు తెలీదని." ఆ పేజీ నా ముందు పెట్టి చూపించింది. గొంతులో కోపం లేదు. "వాళ్లిద్దురికీ తెలీదు, వాళ్లను ఏమీ అనను. నువ్వు మటుకు కడదాకా సదివినావు గదా."

నేను గడియారం చూసుకున్నాను. ఆమె పుస్తకాన్ని చుట్టి సంచిలో పెట్టుకుంది. రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"సార్, హాస్టల్లో ఊడ్సే పనన్నా ఉంటే సూస్తారా? మా వదినకు నేను బరువైపోయినాను."

"చూస్తాను" అన్నాను. అప్పుడు హాస్టల్లో పని ఖాళీ ఉంది. ఆమె అక్కడ ఉంటే పిల్లలు సాయంత్రాలు ఎవరి దగ్గర చేరతారో నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

తరగతి నడిచింది. పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. ఐరాల విద్యార్థి మాత్రం చివరిదాకా వచ్చాడు. సెలవుల్లో పలమనేరు పోయి ఆమె దగ్గర నేర్చుకుంటున్నాడని నాకు తర్వాత తెలిసింది. పరీక్షలో వాడి పలుకు నా పలుకు కంటే శుద్ధంగా ఉంది. పుస్తకంలో లేని మాటలు వాడాడని వాణ్ణి పరీక్ష తప్పించాను. వాడు పోట్లాడలేదు. "మీరు సెప్పిన పుస్తకంలో నీళ్లు కాసినావా అని ఉండాది సార్, నీళ్లు తాగుతారా అని యాడా లేదు" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత చీనా జోలికి పోలేదు. ఐరాలలో చెరుకు వేసుకుంటూ ఉండిపోయాడని విన్నాను. నన్ను మాత్రం ఆ ఏడే ఉద్యోగంలో ఖాయం చేశారు.

ఇంతవరకూ చెప్పింది ఒక ఎత్తు. ఇక చెప్పబోయేది వేరు.

మరుసటి ఏడు ఎండాకాలంలో కళాశాల చిరునామాకు రంగూన్ నుంచి ఒక కవరు వచ్చింది. పైన ఇంగ్లీషులో ఆమె పేరు, మూలన చీనా అక్షరాలు. పాఠాలు చెప్పిన ఆ రెండు వారాల్లో ఆమె పీకింగు పంతులమ్మకు ఉత్తరం రాసి, మా చిరునామా ఇచ్చి ఉంటుంది. గుమాస్తా దాన్ని నా బల్ల మీద పెట్టాడు. చీనాది ఏదైనా నాదే కదా. నేను విప్పాను. మూడు పేజీలు, కుంచెతో గొలుసుకట్టుగా రాసినవి. నాకు తెలిసిన అక్షరాలు ఏరితే పట్టుమని పాతిక కూడా లేవు. 'బడి' అనే మాట పోల్చుకున్నాను, 'రా' అనే మాట పోల్చుకున్నాను. ఇంకేమీ అందలేదు. కవరు మీద వేరే చిరునామా రాసి పలమనేరు పంపితే సరిపోయేది. కానీ విప్పిన కవరు. విప్పానని తెలుస్తుంది. విప్పి చదవలేకపోయానని కూడా తెలుస్తుంది. నెమ్మదిగా కూర్చుని నిఘంటువుతో చదివి, అప్పుడు పంపుదామనుకున్నాను. సొరుగులో పెట్టాను. ఎనిమిది నెలలు అక్కడే ఉంది.

చివరికి ఒక శనివారం బయలుదేరి పలమనేరు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. ఆమె కొట్టం దగ్గర ఆవుకు తవుడు కలుపుతూ ఉంది. ముంజేతుల దాకా తడి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కవరు ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని, ముందు కవరు మీది పోస్టు ముద్ర చూసింది. తర్వాత ఉత్తరం తీసి నిలబడే చదివింది. పెదవులు కదులుతున్నాయి. మూడు పేజీలూ అయ్యాక మళ్లీ మొదటి పేజీ తీసింది.

"ఏం రాసిందమ్మా ఆమె?"

"బడి మళ్లా తెరిసినారంట. నన్ను రమ్మనింది. సిన్నబిడ్డలకు తొలిపాటాలు సెప్పేదానికి మనిసి కావాలంట. వానాకాలం లోపల జవాబు రాయకుంటే ఇంకొకరిని పెట్టుకుంటామని రాసింది." వేళ్లు మడుస్తూ నెలలు లెక్కపెట్టి ఆపేసింది.

"నాకు చదవడం రాలేదమ్మా" అన్నాను. నా జీవితంలో ఆమెతో చెప్పిన మొదటి నిజం అదేనేమో.

"సదివేదాన్ని నేను ఈడనే ఉండాను గదా సార్. ఒక పగటి బస్సు దోవ."

ఆమె లోపలికి పోయింది. నేను ఎండలో నిలబడ్డాను. కూర్చోమని గానీ, మంచినీళ్లు తాగుతావా అని గానీ ఎవరూ అడగలేదు. ఆమె వదిన గడప దగ్గర నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. అరగంటకు ఆమె ఒక పేజీ నిండా రాసి, కవరులో పెట్టి, పైన రంగూన్ చిరునామా ఇంగ్లీషులో నా చేత రాయించింది.

"చిత్తూరులో డబ్బాలో వేసి పో సార్. ఇప్పుడు రాసినా లాబం లేదు. ఆమె నన్ను సెడ్డదాన్ని అనుకోకూడదని రాస్తా ఉండాను."

బస్సులో కూర్చున్నాక చూశాను. కవరు అంటించలేదు. అంటించడం మరిచిపోయే మనిషి కాదు ఆమె. నా చేతిలో అది విప్పి ఉన్నా ఒకటే, మూసి ఉన్నా ఒకటే అని ఆమెకు తెలుసు. కాగితం తీసి చూశాను. నల్లటి గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. నా గురించి ఏం రాసిందో, అసలు నా గురించి రాసిందో లేదో. చిత్తూరు దాకా ఆ పేజీని చూస్తూ కూర్చున్నాను.

బస్టాండు దగ్గర నాలుకతో తడిపి కవరు అంటించి డబ్బాలో వేశాను. తిరుపతి బస్సు సిద్ధంగా ఉంది, ఎక్కి కూర్చున్నాను. మళ్లీ పలమనేరు పోలేదు. ఆ తర్వాత రెండేళ్లకు, చేరేవాళ్లు లేక చీనా తరగతి ఎత్తేశారు. నన్ను చరిత్ర చెప్పమన్నారు. చెప్పాను.